కర్రు, కొలిమి, కల్లం

తెలుగులో కొలిమి అన్న మాట ఇప్పుడు ఎక్కువగా కవుల చేతుల్లో ఉంది. గుండె కొలిమి అవుతుంది, ఉద్యమం కొలిమి అవుతుంది. ఎండలు ముదిరితే పత్రికలవారికి రాష్ట్రమంతా నిప్పుల కొలిమే. ఆ మాటకు మూలమైన అసలు వస్తువును చూసినవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. నేల మీద మూరెడు గుంట, దాని వెనుక మోకాలెత్తు మట్టిగోడ, గోడకు అవతల తోలుతిత్తి, ఎదురుగా తుమ్మమొద్దులో దిగగొట్టిన దాగలి, పక్కన నల్లబడిన నీళ్ళతొట్టి. కొలిమి అంటే ఇంతే. నేను దాన్ని చూశాను, తిత్తి తాడు లాగాను, నిప్పురవ్వ పడి కాలిన మచ్చ ఎడమ ముంజేతి మీద ఇప్పటికీ ఉంది. కనుక దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు కొంత ఉందనే అనుకుంటున్నాను.

మాది నల్లగొండ జిల్లా, నకిరేకల్‌కు రెండు కోసుల దూరంలో ఒక పల్లె. హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్ళేవారికి కట్టంగూరు దాటిన తరువాత, సూర్యాపేట రాకముందు నకిరేకల్ తగులుతుంది. ఆ రహదారి సంఖ్య 2010లో 65గా మారింది గానీ మా వైపు పాతవాళ్ళకు అది తొమ్మిదో నంబరు రోడ్డే. రోడ్డు దిగితే ఎర్ర చెలకలు. పైన జానెడు మన్ను, దాని కింద మొరం, నడుమ నడుమ రాళ్ళు. అటువంటి నేలలో నాగలి నడిపించడమంటే ఇనుమును రాతికి నూరడమే. పొద్దున కట్టిన కర్రు నాలుగు రోజులు తిరిగేసరికి మొద్దుబారేది. ఒక్కొక్కసారి రాయి తగిలి కొన వంకర పోయేది. వానకు, విత్తనానికి, ఎద్దులకు తరువాత మా సేద్యానికి కావలసినది కొలిమి.

రోహిణి కార్తె నడుమకు వచ్చిందంటే కమ్మరికొట్టం ముందర జాతర. కర్రులు, దంతె పలుగులు, గొర్రు పండ్లు, గడ్డపారలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు కుప్పలు పడేవి. మృగశిరకు వాన పడితే ఇక ఆగడానికి లేదు, అంతలోపల అందరి పనీ కావాలి. మా ఊళ్ళో బొగ్గు రైతే తెచ్చుకోవాలి, తన వంతు వచ్చినప్పుడు తిత్తి కూడా రైతే లాగాలి. తుమ్మబొగ్గు అయితే మంచి కాక; ఆ తరువాత సర్కారుతుమ్మ బొగ్గుతో సరిపెట్టుకున్నారు. రాక్షసిబొగ్గు నకిరేకల్‌లో దొరికేది గానీ మా కమ్మరి తాతకు అది గిట్టేది కాదు. అది ఇనుమును లోపల లోపల తింటుందనేవాడు. ఇది మూఢనమ్మకం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. రాక్షసిబొగ్గులో ఉండే గంధకం వేడి మీద ఇనుములో చేరి దాన్ని పెళుసు చేస్తుంది.

నేను కమ్మరి తాత అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు. మా నాయన ఆయనను మామా అనేవాడు, ఆయన మా నాయనను అల్లుడా అనేవాడు. ఆ వరుసన నాకు తాత. పల్లెల్లో కులం ఏదైనా వరుస ఒకటి ఉండేది గదా. ఆ వరుస ఉన్నంత మాత్రాన కలిసి భోజనం చేసేవారని మీరు అనుకోకూడదు. వరుస దారి వరుసది, కంచం దారి కంచానిది.

కొట్టంలోకి అడుగు పెడితే ముందు కళ్ళు కనిపించేవి కావు. పైకప్పు తాటాకు, చూరు నడుముల దాకా దిగి ఉండేది. పేదరికం వల్ల అట్లా కట్టుకున్నాడని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అసలు కారణం వేరు. కాలిన ఇనుము ఎంత కాగిందో చెప్పేది దాని రంగే. ఎండ వెలుతురులో ఆ రంగు తేలదు. అందుకని కొలిమి చీకట్లో ఉండాలి. చామనఛాయ ఎరుపు దాటి, నారింజపండు రంగు దాటి, పసుపు ముఖం పట్టినప్పుడు కర్రును పట్టకారుతో దాగలి మీదికి లాగేవాడు. ఇంకొంచెం ఆలస్యమై తెల్లని రవ్వలు పువ్వుల్లా రాలాయంటే ఇనుము మాడినట్టే. ఆ మాడిన ముక్కను ఏ సుత్తీ బాగుచేయలేదు.

సాగగొట్టడం ఒక ఎత్తు, పదును పెట్టడం ఒక ఎత్తు. ఉక్కుముక్కను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గానీ గాజులా పెళుసవుతుంది. ఆ గట్టిదనంలో కొంత తీసేయాలి. తాత అంచును మాత్రం నీళ్ళలో ముంచి వెంటనే పైకి తీసేవాడు, ఇసుకరాయితో గబగబా రుద్ది తళతళలాడించేవాడు, ఇక కదలకుండా చూస్తూ కూర్చునేవాడు. వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకి వస్తుంటే ఆ తళుకు మీద రంగులు నడిచేవి. ముందు ఎండుగడ్డి పసుపు, తరువాత గోధుమ, తరువాత వంగపండు ఛాయ, చివరికి నీలం. కత్తికి గడ్డిరంగు దగ్గర ముంచాలి, గొడ్డలికి గోధుమ దాటనివ్వాలి. గడ్డిరంగు అంటే రెండు వందల ఇరవై, ముప్ఫై డిగ్రీలు, నీలమంటే మూడు వందలకు దగ్గర అని లోహశాస్త్రం పుస్తకాలు చెబుతాయి. తాత దగ్గర ఉన్న కొలమానం ఆయన కన్నే. ఆ కొద్ది క్షణాలలో ఎవరైనా పలకరిస్తే మాత్రం బూతులు తిట్టేవాడు, సర్పంచి అయినా సరే.

ఇక తిత్తి. రెండు తోలుతిత్తులు జోడుగా ఉండేవి, ఒకటి ఊదుతుంటే ఒకటి గాలి పీల్చేది, నిప్పు మీద ఊపిరి తెగకూడదు. అన్నట్టు, ప్రాణాయామంలో భస్త్రిక అంటారే, భస్త్రిక అంటే కొలిమితిత్తే. ఊళ్ళో యోగాసనాలు నేర్పేవారు లేకపోయినా ఆ పేరుకు అర్థం మాకు చేతుల్లో ఉండేది. నేను పెద్దవాణ్ణయ్యే నాటికి తిత్తులు పోయి చేతితో తిప్పే పంకా వచ్చింది.

సమ్మెట సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కమ్మరి అనగానే మనకు బలిష్ఠుడైన మగవాడు గుర్తొస్తాడు. మా ఊళ్ళో సమ్మెట వేసింది అవ్వ, అంటే తాత భార్య. చీర కచ్చపోసుకొని, కొంగు నడుముకు చుట్టి, ఆరేడు శేర్ల సమ్మెట తల మీదుగా లేపి వేసేది. తాత చేతిలో చిన్న సుత్తి. ఆయన ఆ సుత్తితో ఎక్కడ తాకిస్తే అక్కడ సమ్మెట పడాలి. గట్టిగా తాకిస్తే గట్టిగా, మెల్లగా తాకిస్తే మెల్లగా. ఒట్టి దాగలి మీద ఒక్కసారి టింగుమనిపిస్తే ఆపమని అర్థం. ఇద్దరి మధ్య మాట ఉండేది కాదు. సెగ దగ్గర గంటల తరబడి ఆ పని చేసి, మళ్ళీ ఇంట్లోకి పోయి జొన్నరొట్టెలు చేసేది. నెలకొక్క అమావాస్యనాడు కొలిమి అంటించేవారు కాదు, తాతకు ఆ రోజు సెలవు. అవ్వకు ఆ రోజు ఇల్లు అలుకుడు పని. చేతివృత్తుల మీద ఎన్ని పాటలు వచ్చినా, ఎన్ని వ్యాసాలు వచ్చినా సమ్మెట పట్టిన ఆడమనిషి అందులో కనిపించదు. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు పిలిచే పేరు కూడా ఆయనదే.

కొలిమి పనులన్నిటిలో నాకు ఇష్టమైనది బండిచక్రానికి పట్టా ఎక్కించడం. అది కొట్టంలో జరిగే పని కాదు, చెరువుగట్టు కింద ఖాళీ జాగాలో జరిగేది. వడ్ల ఆయన కొత్త చక్రం చేసి పెడతాడు. దాని చుట్టుకొలతను తాత దారంతో తీసుకొని, ఇనుప పట్టాను అంతకంటే బొటనవేలు మందం తక్కువగా వంచి అతికేవాడు. తక్కువెందుకు అని అడిగితే నవ్వేవాడు. పట్టాను నేల మీద పరిచి, పైనా కిందా పిడకలు పేర్చి అంటించేవారు. ఎర్రబడ్డాక నలుగురు నాలుగు వైపుల పట్టకార్లతో లేపి చక్రం మీద దించేవారు. కట్టె భగ్గుమని అంటుకునేది, పొగ, కేకలు, బిందెలతో నీళ్ళు. చల్లారేకొద్దీ పట్టా బిగుసుకుంటూ ఆకులను నాభిలోకి, పూటీలను ఒకదానిలోకి ఒకటి నెట్టేది. చక్రం కిర్రుమని మూలిగేది. చాలా ఏళ్ళ తరువాత కాగితం మీద లెక్క వేసి చూశాను. అయిదడుగుల చక్రం చుట్టుకొలత దాదాపు 4.8 మీటర్లు. ఇనుము ప్రతి డిగ్రీకి పదిలక్షల్లో పన్నెండు పాళ్ళు వ్యాకోచిస్తుంది. అయిదు వందల డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 29 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద చిల్లర. తాత బొటనవేలు అంగుళానికి కొంచెం తక్కువ ఉంటుంది.

మరి ఇనుము ఎక్కడిది? తెలంగాణ ఉక్కు అనగానే చదువుకున్నవాళ్ళం కోనసముద్రం పేరెత్తుతాం. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊళ్ళో మూసలలో ఉక్కు వండేవారు. 1820ల తొలినాళ్ళలో హెన్రీ వోయ్సీ అనే భూగర్భశాస్త్రవేత్త అక్కడికి వెళ్ళి ఆ పద్ధతి రాసిపెట్టాడు. ఆ ఉక్కు కొనడానికి పారసీక వర్తకులు వచ్చేవారని కూడా రాశాడు. అటువంటి ఉక్కుతోనే డమాస్కస్ కత్తులు తయారయ్యేవి. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషువారి నోట వూట్జ్ అయిందని పండితుల అభిప్రాయం. లండనులో మైకేల్ ఫారడే అంతటివాడు ఆ ఉక్కు రహస్యం కనిపెట్టాలని ప్రయోగాలు చేశాడు. గర్వపడవలసిన చరిత్రే, కాదనను. అయితే మా తాతకు కోనసముద్రం పేరు తెలియదు. ఆయన ఉక్కు తొమ్మిదో నంబరు రోడ్డు మీద దొరికేది.

లారీ కమాను పట్టీలు! విరిగిన పట్టీలను నకిరేకల్ పాతసామాన్ల దుకాణంలో తూకానికి అమ్మేవారు. నూటికి అర పాలు, ముప్పాతిక పాలు కర్బనం ఉండే ఉక్కు అది, బ్రహ్మాండంగా పదును పడుతుంది. కొడవళ్ళు, కత్తులు దానితోనే. గొడ్డలి ఒళ్ళంతా మామూలు ఇనుము, అంచుకు మాత్రం ఈ పట్టీముక్కను కలిపి కాల్చి అతికేవాడు. దీన్ని ఉక్కు పెట్టడం అంటారు. టాటా పట్టీ మంచిదా లేలాండు పట్టీ మంచిదా అన్న దాని మీద ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. రోడ్డు ఎక్కే ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టడం, మోటబొక్కెన పగిలితే మాటు వేయడం కూడా ఆయన పనే. తరువాత కాలంలో అదే రోడ్డు మీద ట్రాక్టర్లు వచ్చాయి, కార్ఖానాలో పోతపోసిన పారలు, అచ్చుగుద్దిన కొడవళ్ళు వచ్చాయి. కరెంటు మోటార్లు వచ్చి మోటలు అటకెక్కాయి.

ఈ మధ్య ఐర్లండు దేశపు ముచ్చట ఒకటి చదివాను. 1937 నుంచి 1939 వరకు అక్కడి జానపద సంఘంవారు దాదాపు అయిదు వేల ప్రాథమిక పాఠశాలల్లో యాభై వేల మందికి పైగా పిల్లల చేత ఊరి సంగతులు రాయించారు. తాతలను, అవ్వలను అడిగి తెలుసుకొని రాయాలి. ఇచ్చిన విషయాలలో ఒకటి, మీ ఊరి కొలిమి! కొలిమి తలుపు ఎటువైపు ఉంది, తిత్తి ఎవరు చేశారు, కమ్మరి ఏమేమి చేస్తాడు, నీళ్ళతొట్టిలోని నీళ్ళు ఏ జబ్బుకు మందు, ఇట్లా. ఆ రాతపుస్తకాలు ఇవాళ ఇంట్లో కూర్చొని చదువుకోవచ్చు. వాళ్ళ కమ్మరికి గుర్రపు నాడాలు ఎక్కువ, మన కమ్మరికి కర్రులు ఎక్కువ. బండిపట్టా మాత్రం ఇద్దరూ ఒక్క తీరుగానే ఎక్కించారు. మా బడిలో మా పంతులు గంగానది మీద వ్యాసం రాయించాడు. బడి గోడకు ఆనుకొనే కొలిమి ఉండేది, సుత్తి చప్పుడుకు పాఠం వినబడేది కాదు.

సరే, లెక్క దగ్గరకు వస్తాను.

తాత ఎవరి దగ్గరా కర్రుకు ఇంత అని తీసుకోలేదు. నాగలికి ఏడాదికి నాలుగు కుంచాల గింజలు, అంతే. ఏడాదిలో నాలుగుసార్లు సాగగొట్టినా నలభైసార్లు సాగగొట్టినా అదే. పంట కల్లానికి వచ్చి, తూర్పారబట్టి రాశి పోసిన రోజున కమ్మరి, వడ్ల, చాకలి, మంగలి, నీరటి వచ్చి నిలబడేవారు. ఇంటికి గింజ పోకముందే వాళ్ళ పాళ్ళు కొలవాలి. రాత లేదు, సంతకం లేదు. పంట ఎండిన ఏడు వాళ్ళకూ లేదు, రైతుకూ లేదు.

దీన్ని తలచుకొని నిట్టూర్చేవారు చాలామంది ఉన్నారు. నాకు పూర్తిగా చేతకాదు. ఎందుకంటే ఆ ఏర్పాటుకు రెండో ముఖం కూడా ఉంది. నిజాం కాలంలో ఇదే నల్లగొండలో దేశ్‌ముఖుల గడీలకు కమ్మర్లు, వడ్లవారు గింజ లేకుండా వెట్టి చేశారు. దొర వ్యవసాయానికి నాగళ్ళు, కర్రులు సిద్ధమయ్యాకే మిగతావారి పని. కాదనే హక్కు కమ్మరికి లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాటంలో వెట్టి రద్దు ముఖ్యమైన కోరిక కావడం ఊరికే జరగలేదు. ఇక ఊరి సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన బలూత ఇనాము భూములు కొన్నిచోట్ల ఉండేవి. 1955లో హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం వచ్చినప్పుడు ఊరికి పనికివచ్చే సేవలంటూ శేత్‌సింధీ, నీరడి, బలూత ఇనాములను దాని నుంచి మినహాయించారు. అంటే ఊళ్ళో కొలిమి ఎప్పటికీ ఉంటుందని ఆ చట్టం రాసినవారు కూడా అనుకున్నారన్నమాట. మా తాతకు ఇనాము భూమి లేదు. ఆ నాలుగు కుంచాలే ఆయన భూమి.

తొంభైల నడిమి సంవత్సరాలలో మా నాయన ఎద్దులను అమ్మేశాడు. గడ్డి లేదు, కాపలా పిల్లవాడు దొరకడు, కిరాయి ట్రాక్టరు గంటలో దున్ని పోతుంది. ఆయన నిర్ణయాన్ని తప్పు పట్టలేం. ఆ ఏడు యాసంగి వడ్లు కల్లానికి వచ్చాయి. వడ్ల ఆయన వచ్చాడు, చాకలి, మంగలి వచ్చారు. కమ్మరి తాత రాలేదు. నాయన కుంచంతో కొలిచి ఒక పక్కన కుప్ప పెట్టించి నన్ను పంపాడు. నేను పోయి పిలిస్తే వచ్చాడు గానీ చేతిలో గోనెసంచి లేదు.

“ఏంది మామా, సంచి తేలే?” అన్నాడు నాయన.

“ఏడాది పొడుగూత నీ ఇంటి ఇనుప ముక్క ఒక్కటన్న నా కొలిమి మొకం సూసిందా అల్లుడా? ఏం పని జేసిన్నని గింజలు కొంటవోవాలె?”

“తాతల నాటి లెక్కనాయె. ఒక్కపారే తెంపుతవా?”

“తెంపుడేం లేదు. సల్లారింది, గంతే.”

నాయన కుప్ప చూపించి తీసుకపొమ్మని మళ్ళీ అన్నాడు. తాత ఆ గింజల్లో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, తాలు ఉందా లేదా అని అరచేతిలో ఊది చూసి, మంచిగ పండినయి అని మళ్ళీ కుప్పలోనే పోసి వెళ్ళిపోయాడు. నాయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆ వడ్లు రెండు రోజులు కల్లంలోనే ఉన్నాయి. చివరికి మా అమ్మ దంపించి, బియ్యం చేసి, అవ్వకు ఇచ్చి వచ్చింది. అవ్వ తీసుకుంది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఏ మాట నడిచిందో గానీ తాతకు ఆ బియ్యం ఎక్కడివో తెలియనియ్యలేదట.

ఇది చదివి తాత గొప్పతనాన్ని మెచ్చుకుంటారేమో. నాకు అప్పుడు అట్లాగే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన తిరస్కరించింది భిక్షను అనిపిస్తుంది. పని ఉన్నంతకాలం ఆ నాలుగు కుంచాలు ఆయనకు హక్కు. కల్లంలో తల ఎత్తుకొని నిలబడి కొలిపించుకున్నాడు, కుంచం తల కొడితే తగవు పెట్టుకున్నాడు కూడా. పని లేని నాడు అవే గింజలు ధర్మం అవుతాయి. మా నాయనది మంచి మనసే. కానీ మంచి మనసు మీద ఆధారపడి బతకడం ఎట్లా ఉంటుందో ఆయన గడీల రోజుల్లో చూసి ఉన్నాడు.

తాత, అవ్వ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ కొడుకు నకిరేకల్‌లో రోడ్డు పక్కన వెల్డింగు దుకాణం పెట్టాడు. గేట్లు, కిటికీ చువ్వలు, ట్రాక్టరు నాగళ్ళకు అతుకులు. మాట ముందు డబ్బు, ఆ తరువాతే పని. గోడకు ధరల పట్టిక వేలాడుతుంటుంది. నేను పోయినప్పుడల్లా పాత కొలిమి ముచ్చట తీస్తే అతనికి నవ్వు. “మా అమ్మ భుజాలు పోయినయన్నా ఆ సమ్మెటతోని. ఏం మంచిగుండె అది?” అంటాడు. నా దగ్గర జవాబు లేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, కమ్మరం అందులో ఒకటి; పనిముట్లకు పదిహేను వేల రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. దరఖాస్తు పెట్టావా అని అడిగాను. పనిముట్లు ఉన్నయి, సాపిచ్చుకునేటోళ్ళే లేరు అన్నాడు.

అయితే దుకాణం వెనుక, రేకుల చాటున, ఒక చిన్న గుంట ఉంది. పంకా కరెంటుది. దాగలి తాతదే, తుమ్మమొద్దుకు బదులు సిమెంటు దిమ్మెలో పాతాడు. గీతకార్మికుల కత్తి వెల్డింగుతో అయ్యే పని కాదు. తాటిగెలను రోజూ పొరలు పొరలుగా చెక్కాలి; అంచు కొంచెం గట్టిదైతే పెచ్చులూడుతుంది, కొంచెం మెత్తదైతే గెల నలిగి కల్లు పారదు. బజారులో దొరికే కత్తులు గౌండ్లవారికి నచ్చవు. నిమ్మతోటలవాళ్ళు కాయ తెంపే కొంకుల కోసం కూడా వస్తారు గానీ వాటికి అంత తంతు లేదు. కత్తుల కోసం గౌండ్లవారు పొద్దుగూకిన తరువాత వస్తారు. రేకుల మీది బల్బు ఆర్పేసి పని మొదలుపెడతాడు. మొన్న నేను పోయినప్పుడు ముగ్గురు కూర్చొని ఉన్నారు. అంచు ముంచి తీసి, రాయితో రుద్ది, చూస్తున్నాడు. నేను ఏదో అడగబోయాను. పట్టకారు పట్టిన చెయ్యి కదపకుండానే నన్ను ఒక బూతు తిట్టాడు.